పెళ్లెప్పుడమ్మా అని ఇంటర్వ్యూలో అడిగితే

పైడిభీమవరం ఫార్మా ఇంటర్వ్యూలకెళ్లే ఆడపిల్లలూ, "పెళ్లెప్పుడమ్మా, పిల్లల సంగతేంటి?" అంటే గొడవపడకండి, అబద్ధమూ ఆడకండి. వాళ్ల బెంగంతా సెలవులూ షిఫ్టుల గురించే. దానికే జవాబివ్వండి: "షిఫ్టులకి ఇబ్బంది లేదు సార్. నైట్‌కి కంపెనీ బస్సు ఎచ్చెర్ల దాకా వస్తుందా?" అక్కడితో ఆగాలి, సాగదీస్తే ఇంటి గుట్టంతా మీరే చెప్పేస్తారు.

ఇంటిపేరు, వీధి అడిగి కులం లాగడం మనవైపు పాత విద్యే. ఊరు చెప్పి ఊరుకోండి.

నియామకాల్లో ఆడామగా తేడా చూపకూడదని 1976 నుంచే చట్టముంది. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం అనడం 2017 చట్టం ప్రకారం నిషేధం.

బయటికి రాగానే తేదీ, అడిగినవారి హోదా, అన్న మాట ఉన్నదున్నట్టు ఫోన్‌లో రాసుకోండి. ఫిర్యాదు చేయాల్సొస్తే "ఏదో అన్నారు" అంటే నిలబడదు.