ఇంటర్వ్యూకి చేనేత చీర కట్టాలా, వద్దా?

సివిల్స్ ఇంటర్వ్యూకి ఆడవాళ్లు చీరే కట్టాలన్న రూలేమీ లేదు. చుడీదార్ వేసుకుంటే మార్కులు పోవు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: 275 మార్కులు తేలే ఆ అరగంట మీ చెయ్యి పైట సర్దుకోడానికి పోకుండా ఉంటుందా? పెళ్లిళ్లకి తప్ప చీర కట్టే అలవాటు లేకపోతే చుడీదారే మేలు.

కట్టాలనుకుంటే మంగళగిరి నూలు చీరకి మించింది లేదని నా అభిప్రాయం. ఒకే రంగు, సన్నంచు ఉన్నది చూసుకోండి. వెంకటగిరి తేలిగ్గా ఉంటుంది గానీ పల్చన, లంగా రంగు కలవకపోతే బయటికి కనిపిస్తుంది. పోచంపల్లి కడితే బోర్డు దాని గురించే అడగొచ్చు. నేతకి ముందే నూలుకి ముడులు కట్టి రంగులద్దుతారనీ, 1905లో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా ఆగస్టు 7ని జాతీయ చేనేత దినోత్సవం చేశారనీ కనీసం తెలిసుండాలి.

షాపులోంచి తెచ్చిన చీర అలాగే కట్టొద్దు. ఆ గంజి బిరుసుకి కూర్చోగానే కుచ్చిళ్లు పొట్ట దగ్గర ఉబ్బుతాయి. చన్నీళ్లలో విడిగా ఒకసారి ఉతికి, పల్చటి గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయించండి.

ఆ రోజు వేసుకునే చెప్పులు తొడుక్కున్నాకే కట్టడం మొదలుపెట్టాలి, లేకపోతే అంచు ఎత్తు తప్పుతుంది. లంగా నూలుదే వేసుకోండి, శాటిన్ జారిపోతుంది. అయిదంగుళాల కుచ్చిళ్లు అయిదో ఆరో చాలు. దోపే ముందే అన్నిటినీ కలిపి పిన్నీసు పెట్టండి. పైట మడతలు పెట్టి భుజం దగ్గర జాకెట్టుకి గుచ్చేటప్పుడు పిన్నీసు చుట్ట దగ్గర చిన్న పూస ఎక్కించండి. అది లేకపోతే నూలు ఆ చుట్టలో ఇరుక్కుని పోగు లేస్తుంది, జరీ అయితే మరీను. నిటారుగా నిలబడి బిగించి గుచ్చితే, ఫైలు అందివ్వడానికి చెయ్యి చాపగానే భుజం లాగుతుంది. వేలెడు వదులు ఉంచి, కుర్చీలో రెండుసార్లు కూర్చుని లేచి చూసుకోండి.

జనవరిలో పిలుపొస్తే ఢిల్లీ చలికి పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకోండి. గాజు గాజులు వద్దు, బల్ల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా చప్పుడే.

వేరే ఉద్యోగాల ఆన్‌లైన్ ఇంటర్వ్యూకైతే సన్నగళ్ల చీర మానేయండి, కెమెరాలో గళ్లు అలల్లా కదులుతాయి.

మగవాళ్లు పంచె గురించి అడుగుతుంటారు. బంద్‌గలా (మెడ దాకా మూసుండే కోటు) వేసుకోండి, మన పద్ధతీ ఉంటుంది, నడకా తడబడదు.