గోచా లా దారిలో కాంచన్‌జంగా

సిక్కింలో గోచా లా కనుమకు వెళ్లే నడకదారిలో చివరి విడిది లామునే. అక్కడ రాత్రి రెండింటికే లేచాం. ఎండ ఎక్కితే లోయలోని తేమ పైకి లేచి కాంచన్‌జంగాను మబ్బు కప్పేస్తుంది. అందుకే ఆ వేళకు బయల్దేరాలి. 4,200 మీటర్ల నుంచి సమితి సరస్సు మీదుగా 4,600 మీటర్ల ఎత్తున ఉన్న మొదటి వ్యూ పాయింట్‌కు దాదాపు మూడు గంటలు. చివరి నడక హిమానీనదం తెచ్చిపోసిన రాళ్ల గట్టు మీద. హెడ్‌టార్చి వెలుగులో గడ్డకట్టిన రాయి తడిరాయిలాగే కనిపిస్తుంది. కాలు జారేది అక్కడే.

నడక మొదలయ్యే యుక్సం (1,780 మీటర్లు) నుంచి త్షోకా విడిది దాకా అడవి. త్షోకా దాటాక ఫెడాంగ్ వైపు దారిలో దుంగలు పరిచారు. వాన పడితే వాటి మీద నాచు సబ్బులా జారుతుంది, దుంగల మధ్య మట్టిలోనే అడుగు వేయడం మేలు. 4,000 మీటర్ల జోంగ్రిలో ఒక రోజు అదనంగా ఆగాలి. చాలామంది చేసే తప్పు ఆ రోజును మిగుల్చుకోవడమే. ఒళ్లు ఎత్తుకు అలవాటు పడకముందే ఆ తర్వాతి విడిది తాన్‌సింగ్ చేరితే తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. నడక తూలిందంటే వెంటనే దిగాల్సిందే. అలా దిగేటప్పుడు, జోంగ్రి, తాన్‌సింగ్‌ల మధ్య ఉన్న కొక్చురాంగ్ నుంచి మళ్లీ జోంగ్రి ఎక్కకుండా నేరుగా ఫెడాంగ్ చేరే దారి ఉంది, గుర్తుపెట్టుకోండి. లామునేలో నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టాలి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

తూర్పు ఎరుపెక్కగానే 8,586 మీటర్ల కాంచన్‌జంగా శిఖరం మొదట వెలిగింది. కుడివైపు పాండిమ్ శిఖరం ఇంకా నీడలోనే ఉంది. ఇక్కడి నుంచి కనిపించేది తాలుంగ్ హిమానీనదం మీదికి దిగే గోడ. తొలి ఆరోహణల దారులు ఇటు లేవు. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ ఎక్కింది నేపాల్ వైపు యాలుంగ్ హిమానీనదం నుంచి. 1905లో అదే వైపు ప్రయత్నించిన జట్టులో నలుగురు మంచుచరియలు విరిగిపడి పోయారు. ఈశాన్యాన జెము హిమానీనదం వైపు 1929, 1931లో పాల్ బావర్ నాయకత్వంలో జర్మన్లు వెనుదిరిగారు. ఆ వైపు నుంచే 1977 మే 31న కర్నల్ నరీందర్ కుమార్ నడిపిన భారత సైన్య బృందంలోని ప్రేమ్ చంద్, నీమా దోర్జే పైకి చేరారు. రెండు విజయాల్లోనూ శిఖరం కొనకు చివరి అడుగులు వేయలేదు. సిక్కిం ప్రజలకు ఆ కొండ దైవం. 1955 జట్టు అక్కడి రాజుకు మాట ఇచ్చింది కూడా. ఇప్పుడు సిక్కిం వైపు నుంచి ఎక్కడానికి అనుమతి లేదు. నాకు అది న్యాయమే అనిపిస్తుంది.

ఏడున్నరకల్లా పక్కనున్న కబ్రు శిఖరం భుజం మీద తొలి మబ్బు చేరింది. కాసేపటికి గోడ సగం మాయమైంది.