ఫిట్స్ మాత్ర

"ఈ మాత్ర నా మెదడులోని గడ్డను కూడా తగ్గిస్తుందట కదా డాక్టర్ గారూ?" అని అన్నయ్య ఈరోజు అడిగేశాడు. చేతిలో ఫిట్స్ మాత్ర లెవెటిరాసెటమ్ షీటు, అంచులు నలిగిపోయి.

ఆవిడ కొట్టిపారేయలేదు. ల్యాబులో వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు వేస్తే, గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ కణాల పెరుగుదల మందగిస్తుందట. లెవెటిరాసెటమ్ అయితే, గడ్డ కణాలకు తగిలిన కీమో దెబ్బను సరిచేసే ఎంజీఎంటీ ప్రోటీన్‌ను తగ్గిస్తుందట. వినగానే మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

కానీ 2016లో 1,869 మంది పేషెంట్ల వివరాలు కలిపి చూస్తే, ఈ రెండు మందులతో ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు.

నాకు ఒళ్లు జలదరించింది మాత్రం ఇంకో మాటకి. గడ్డ కణాలు మెదడులోని న్యూరాన్లతో (నాడీకణాలతో) సైనాప్సులు, అంటే సంకేతాలు దాటే అతుకులు, కట్టుకుని, వాటి సంకేతాలతోనే పెరుగుతాయట! 2019లో బయటపడిందిది. అందుకే అలాంటి సంకేతాలను అడ్డుకునే పెరాంపనెల్ లాంటి ఫిట్స్ మందుల మీద ఆశ ఇంకా చావలేదు.

అన్నయ్యకు మోతాదు మార్చలేదు. ఫిట్స్ రాకుండా ఆపితే చాలు, దాని పని అదే అన్నారు.