నా అనుభవం: పేరు మార్చిన ఆర్‌పీఏ ఫైలు

నిన్న రాత్రికి ఆ ఫైలు తెరుచుకుంది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

రెన్‌పై అనే గేము తయారీ టూలుతో చేసిన ఒక కథాప్రధానమైన గేమును తెలుగులోకి తెస్తున్నాను. తయారుచేసినావిడ మెయిల్లో అనుమతి ఇచ్చారు. మూల స్క్రిప్టు మాత్రం పాత ల్యాప్‌టాప్‌తోపాటే పోయిందట, మిగిలింది విడుదలైన గేములోని ఆర్‌పీఏ ఫైలే, అంటే బొమ్మలూ పాటలూ స్క్రిప్టులూ కలిపి కట్టగట్టిన ఆర్కైవే. దాన్ని విప్పే అన్‌ఆర్‌పీఏ అనే టూలు, పైథాన్ ఉన్నవాళ్లకి దాని ఇన్‌స్టాలర్ పిప్‌తో ఒక్క లైనులో వచ్చేస్తుంది.

నడిపితే, ఇది నాకు తెలిసిన ఆర్కైవ్ కాదు పొమ్మంది. ఒక సహాయ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి అడిగాను. అనుమతి ఉందని మొదటి వాక్యంలోనే రాశాను. "దొంగ కాపీలకి ఇక్కడ సాయం చెయ్యం" అని ఒకాయన, "ముందు మాన్యువల్ చదువుకో తమ్ముడూ" అని ఇంకొకాయన. మెయిల్ చూపిస్తానంటున్నా పోస్టు తీసేశారు. అంతమందిలో దొంగ అనిపించుకుంటే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి ఊరికే చెప్పబట్టే ఈ టూల్సన్నీ మన చేతికొచ్చాయి. అది మర్చిపోయినవాళ్లకి గ్రూపులెందుకు?

ఇక వాళ్లని అడగదలుచుకోలేదు. ఫైలును హెక్స్ ఎడిటర్‌లో, అంటే ఒక్కో బైటునీ చూపించే టూల్లో, తెరిచాను. మామూలు ఆర్‌పీఏలో మొదటి వరుస కంటికి కనిపించేలాగే ఉంటుంది: ‘ఆర్‌పీఏ-3.0’ (ఇంగ్లీషులో RPA-3.0), ఖాళీ, 16 హెక్స్ అంకెలు, ఖాళీ, 8 హెక్స్ అంకెలు. మొదటి అంకెలు విషయసూచిక ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. రెండోవి తాళంచెవి. ప్రతి బొమ్మ, పాట ఫైల్లో ఎక్కడుందో, ఎంతుందో దాంతో ఎక్స్‌ఆర్ అనే బిట్ల లెక్క చేసి దాస్తారు. నా ఫైల్లో అంకెలు రెండూ ఉన్నాయి, ముందున్న ఏడక్షరాలే వేరు. ఆవిడకి గేము ప్యాక్ చేసిపెట్టిన మనిషి ఆ పేరు మార్చి, చెప్పకుండా వెళ్లిపోయాడన్నమాట! అంకెలు చూపిన చోటికి వెళితే 78 అనే బైటు కనిపించింది. సూచికను కుదించే జెడ్‌లిబ్ లైబ్రరీ ఇచ్చే డేటా సాధారణంగా దాంతోనే మొదలవుతుంది. సూచిక చెక్కుచెదరలేదు.

కాపీ తీసుకుని, పాత అక్షరాల మీదే అసలు పేరు టైపు చేశాను. ఎడిటర్ ఓవర్‌రైట్‌లోనే ఉండాలి. ఇన్సర్ట్‌లో ఒక్క బైటు చేరినా స్థానాల లెక్కలన్నీ పక్కకి జరుగుతాయి. మళ్లీ నడిపితే ఫోల్డర్లు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. ఎవరి సాయమూ లేకుండా తెరిచాను, గర్వంగానే ఉంది.

తర్వాత అన్‌ఆర్‌పీవైసీ అనే ఇంకో టూలు. కంపైలైన స్క్రిప్టుల్ని తిరిగి చదవగలిగే రూపంలోకి తెచ్చింది. రాసినవాళ్ల కామెంట్లు మాత్రం రావు, అవి కంపైల్‌లోనే పోతాయి. మూలంలో అచ్చుతప్పు కనబడినా దిద్దకండి. ప్రతి సంభాషణకీ ఉండే గుర్తింపు దాని పాఠం నుంచి లెక్కకట్టిన హాష్ అనే చిన్న కోడుతో వస్తుంది, పాఠం మారితే మీ అనువాదం దానికి అతకదు.

విప్పిన బొమ్మలూ పాటలూ ఎవరడిగినా ఇవ్వను, అవి ఆవిడ సొత్తు. ఆవిడకి పంపేది తిరిగి తెచ్చిన స్క్రిప్టు, అనువాదాలుండే ‘టీఎల్’ ఫోల్డర్లోని తెలుగు ఫైళ్లు, నోటో సాన్స్ తెలుగు ఫాంటు, వాటితో ఒక విన్నపం: గేమును, అక్షరాల్ని సరిగ్గా పేర్చే హార్ఫ్‌బజ్ ఉన్న కొత్త రెన్‌పైలో మళ్లీ బిల్డ్ చేయమని. పాతదాంట్లో మన వత్తులు అక్షరం కింద కూర్చోవు.