కోటి తిప్పుల పరీక్షలో పోత రంధ్రం: నా అనుభవం

కారు సస్పెన్షన్ భాగాల కోసం ఏ-356 అనే అల్యూమినియం మిశ్రమలోహపు పోతల (కరిగించి అచ్చులో పోసిన ముక్కల) ఫెటీగ్ పరీక్ష, అంటే భారం పదేపదే పడితే ఎంతకాలం నిలుస్తాయో చూసే పరీక్ష, నా చేతికి వచ్చింది. అన్నీ ఒకే కొలిమి లోహంతో పోసినవే, అన్నిటికీ బలం పెంచే టీ-6 హీట్ ట్రీట్‌మెంటే. లాగి తెంచి చూస్తే బలంలో పెద్ద తేడా లేదు. వంపు భారం వేసి తిప్పే యంత్రంలో బిగించాక మాత్రం, అదే ఒత్తిడి దగ్గర ఒక నమూనా కోటి తిప్పులు దాటి నిలిచింది, ఇంకొకటి లక్ష చేరకముందే విరిగింది. నిమిషానికి 3,000 తిప్పులతో కోటి పూర్తికావడానికి 55 గంటల పైనే పడుతుంది. ఫలితాలు చేతికి వచ్చేసరికి ఓపిక నశించేది.

నీటిలో తూచి సాంద్రత కట్టి, రంధ్రాల శాతం లెక్కవేశాం. ఆ శాతానికీ ఆయుష్షుకూ పొంతన కుదరలేదు.

జవాబు విరిగిన ముఖాల మీదే దొరికింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పగులు పాకిన గీతల వెంట వెనక్కి వెళితే, అవన్నీ ఉపరితలానికి ఆనుకుని ఉన్న ఒక రంధ్రం దగ్గర కలిశాయి. అది వాయువు బుడగలా నున్నగా లేదు. వంకరటింకరగా ఉంది, లోపలి గోడల నిండా ద్రాక్షగుత్తుల్లా డెండ్రైట్ (లోహం గడ్డకట్టేటప్పుడు చెట్టుకొమ్మల్లా పెరిగే స్ఫటికాల) కొనలు. లోహం గడ్డకట్టి కుంచించుకుపోతున్నప్పుడు ఆ చోటికి కొత్త లోహం అందలేదన్నమాట. జపాన్ శాస్త్రవేత్త మురకామి చెప్పిన పద్ధతిలో, లాగే దిశకు అడ్డంగా రంధ్రం ఆక్రమించే వైశాల్యం కొలిచి, దాని వర్గమూలాన్ని ఆయుష్షుతో పోల్చాం. చెల్లాచెదురుగా ఉన్న చుక్కలు ఒక వరుసకు వచ్చాయి. ఆ గ్రాఫు చూసినప్పటి సంతోషం ఇప్పటికీ తాజాగానే ఉంది.

అక్కడి నుంచి పని ఫౌండ్రీకి మారింది. గడ్డకట్టేటప్పుడు అల్యూమినియంలో హైడ్రోజన్ కరిగే శక్తి దాదాపు 20 రెట్లు పడిపోతుంది, బయటపడిన వాయువు రంధ్రాలను పెంచుతుంది, అందుకే ఆర్గాన్‌తో డీగ్యాసింగ్ (కరిగిన హైడ్రోజన్‌ను వెలికితీయడం) తప్పనిసరి చేశాం. లోహం అచ్చులోకి సెకనుకు అర మీటరు వేగం దాటి దూకితే పైనున్న ఆక్సైడ్ పొర మడతపడి లోపలికి పోతుంది, ఆ మడతల దగ్గరే రంధ్రాలు సులువుగా పుడతాయి. కాబట్టి అడుగు నుంచి నింపేలా దారి మార్చి, ఫిల్టరు పెట్టించాం. మందంగా ఉన్న చోట, కుంచించుకునే లోహానికి కరిగిన లోహం అందించే రైజరు పెంచాం. అధిక పీడనంతో రంధ్రాలు మూసే హిప్ పద్ధతినీ పరిశీలించాం కానీ, ఉపరితలానికి తెరుచుకున్నవి అందులో మూసుకోవు. మా బెడదంతా అక్కడే.

కొత్త పోతల్లో ఫలితాల చెదురు బాగా తగ్గింది. ఇప్పుడు డ్రాయింగులో రంధ్రాల శాతం ఒక్కటే రాస్తే నేను ఒప్పుకోవడం లేదు. ఒత్తిడి ఎక్కువగా పడే మూలల్లో, ఉపరితలం దగ్గర అనుమతించే అతిపెద్ద రంధ్రం కొలత కూడా రాయమంటున్నాను.