కాంట్రాక్టరును ఎంచుకున్న తీరు
గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంట్లో వంటగదిని, స్నానాలగదిని మార్పించాలనుకున్నప్పుడు, అందరికంటే తక్కువ ధర చెప్పిన కాంట్రాక్టరుకే పని అప్పగించబోయి చివరి నిమిషంలో ఆగాము. సిమెంటు ఏ రకమో, పగలగొట్టిన గచ్చు తుక్కును ఎవరు తరలించాలో అడిగితే, ఆయన "అన్నీ మేం చూసుకుంటాం కదండీ" అన్నారే తప్ప కాగితం మీద ఒక్క అక్షరం పెట్టలేదు. పైగా సగం సొమ్ము ముందే కావాలన్నారు. రెండో ఆయన మాత్రం, 3 ఏళ్ల క్రితం తాను పనిచేసిన అరండల్‌పేట ఇంటికి మమ్మల్ని స్వయంగా తీసుకువెళ్లారు. ఆ ఇంటావిడ కాఫీ ఇచ్చి, పని నెల ఆలస్యమైందని మొహమాటం లేకుండా ఆయన ఎదుటే చెప్పి, స్నానాలగది కింద ఉన్న గది కప్పు చూపించారు; ఎక్కడా చెమ్మ మరక లేదు. మా ఇంట్లోనూ టైల్స్ వేయడానికి ముందు వాటర్‌ప్రూఫింగ్ చేసి, నేలపై 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూశారు. ఆలస్యం మాత్రం మాకూ తప్పలేదు, 15 రోజులు.