టీసీ కోసం మూడు ట్రిప్పులు

ఎట్టకేలకు మా అబ్బాయి టీసీ (కాలేజీ మారడానికి కావాల్సిన సర్టిఫికెట్), పదో తరగతి మెమో చేతికొచ్చాయి. దానికి మూడు ట్రిప్పులు, నావి మూడు సెలవులు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

వాడు జూన్‌లో హైదరాబాద్ శివారులోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ ఫస్టియర్ చేరాడు. పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలు కాకముందే ఆ కాలేజీకి అడ్మిషన్లు పట్టే పీఆర్వో ఒకాయన ఇంటికొచ్చి, చాయ్ తాగి, "అక్కా, ఇప్పుడే సీటు బుక్ చేస్తే రాయితీ" అన్నాడు. నేను పద్నాలుగేళ్లుగా ఆర్టీసీ కండక్టర్‌ని. చిల్లర దగ్గర నన్ను మోసం చేసినవాడు లేడు. ఆ చాయ్ దగ్గర మాత్రం పడిపోయాను.

రాఖీకి ఇంటికొస్తే చూశాం, మనిషి సగమయ్యాడు. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్, పడుకునేసరికి రాత్రి పదిన్నర. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. రెండుసార్లు కింది సెక్షన్‌కు దించారట. అక్క రాఖీ కడుతుంటే చెయ్యి వణికింది. అర్ధరాత్రి లేచి కూర్చుని "రేపు ర్యాంకులు పెడతారమ్మా" అన్నాడు.

మర్నాడు టెలీ మానస్‌కు, అంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేశాను. 14416. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. ఫోన్లో మాట్లాడిన అమ్మాయి మార్కుల ఊసే ఎత్తలేదు. నిద్ర, తిండి గురించి అడిగింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని వాణ్ణే నేరుగా అడగమంది. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడ్డాను. అలా పుట్టదని, అడిగితేనే పిల్లలు బయటపడతారని చెప్పింది. అడిగాను. "ఒకసారి అనిపించిందమ్మా" అన్నాడు. ఆ రోజే తీసుకెళ్లి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించాం. హాస్టల్ మాట అక్కడితో సరి.

అసలు కథ టీసీ దగ్గర మొదలైంది.

మొదటి రోజు పొద్దున పదింటి నుంచి నాలుగింటి దాకా రిసెప్షన్లో కూర్చోబెట్టి, ఏవో (ఆఫీసు పనులు చూసే అధికారి) సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. రెండోసారి రెండేళ్ల ఫీజూ కడితేనే నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) ఇస్తామన్నారు. వాడు చదివింది రెండు నెలలు! 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రింటు పట్టుకెళ్లాను. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్ డబ్బుతో సహా, పది రోజుల్లో తిరిగివ్వాలని అందులో ఉంది. డీన్ చదవనైనా చదవలేదు. "మాది కోచింగ్ సెంటర్ కాదు మేడం, జూనియర్ కాలేజీ" అన్నాడు. ఆయన వెనక గోడ నిండా జేఈఈ ర్యాంకర్ల ఫొటోలు.

మూడోసారి మావాణ్ణి కూడా రమ్మన్నారు. మరో నలుగురు తల్లిదండ్రులు చూస్తుండగా వాడి మార్కుల షీటు టేబుల్ మీద పరిచి, "చదవలేనోళ్లు చెప్పే సాకులే ఇవన్నీ" అన్నాడు డీన్. వాడు తల దించుకున్నాడు. ఇక ఉత్తరం రాయమన్నారు. క్లర్కు చెబుతుంటే నేను రాస్తున్నా: "నా కుమారుడు మానసికంగా బలహీనుడైనందున స్వచ్ఛందంగా..." అక్కడ పెన్ను ఆపేశాను. ఆ మాట రాయనన్నాను. రాయకపోతే టీసీ లేదన్నాడు. బస్సులో తాగి ఎక్కినోళ్లతో మాట్లాడే గొంతు ఒకటుంది నాకు, అది బయటికి తీశాను. రిసెప్షన్ అంతా ఇటు తిరిగింది. చివరికి "ఇంటి దగ్గర ఉంచి చదివించుకోవాలని" అని రాసి సంతకం పెట్టాను. ఫీజులో ఒక్క రూపాయి తిరిగి రాలేదు, వాళ్లు అడిగిన రెండో ఏడాదిది మాత్రం కట్టలేదు.

మీకు ఈ గతి పడితే ఒంటరిగా వెళ్లకండి, పిల్లల్ని మాత్రం ఆ గదిలోకి తీసుకెళ్లకండి. నేను చేసిన తప్పు అదే. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. పీఆర్వో చేతికి నగదు ఇవ్వనే ఇవ్వకండి. ఇప్పుడు ఆయన నా ఫోన్ ఎత్తడు.

మా బంధువుల్లో ఒకాయన "ఫస్టియర్‌కే ఇలా అయితే ఎలా?" అన్నాడు. ఆయన ఇంటర్ మూడుసార్లు రాశాడు. ఆ సంగతి గుర్తుచేశాను.

మా ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చడం పూట పని. ట్యూషన్ ఫీజు లేదు. వాడు సైకిల్ మీద వెళ్తున్నాడు, మధ్యాహ్నం అన్నం తింటున్నాడు, నిద్ర ఇంకా పూర్తిగా కుదరలేదు. డాక్టరు పదిహేను రోజులకోసారి రమ్మన్నారు. పరుపు, ట్రంకుపెట్టె హాస్టల్లోనే ఉండిపోయాయి. వచ్చే వీక్లీ ఆఫ్‌కు మా తమ్ముణ్ణి పంపిస్తా.